పిన్ని అంటే ఎవరని నేను అడగలేదు

మా ఆడపడుచు కూతురు ఈమధ్యే రెవెన్యూలో చేరింది. మొన్న ఫోన్ చేసి, "అత్తయ్యా, మా మండలంలో ఒకాయన చనిపోయాడు. కొంచెం పొలం, ఒక పెంకుటిల్లు ఉన్నాయి. వెనక ఎవరూ లేరట. ఫైలు నా నెత్తిన పడింది, ఏం రాయాలి?" అని అడిగింది.

"ఎవరూ లేరని ఎవరన్నారు?" అన్నాను.

"వీఆర్వో గారు."

"ఆయనకెవరు చెప్పారు?"

"పక్కింటివాళ్ళట."

"పక్కింటివాళ్ళకెవరు చెప్పారు?"

పాపం, పిల్ల భయపడింది. నా గొంతు అలాంటిది. ఇంట్లో అందరూ అనేదే, ప్రేమగా మాట్లాడినా ఎంక్వయిరీ చేస్తున్నట్టే ఉంటుందట. ఇది ఫోనులో తేలే సంగతి కాదమ్మా, రాసి పంపిస్తానని చెప్పి పెట్టేశాను. రాయడం మొదలుపెట్టాక, ఇదేదో మా పిల్ల ఒక్కదానికే కాకుండా కొత్తగా కుర్చీలో కూర్చున్న వాళ్ళందరికీ పనికొస్తుందేమో అనిపించింది. అందుకని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నేను జూనియర్ అసిస్టెంటుగా చేరి తాసిల్దారుగా రిటైరయ్యాను. మధ్యలో ఎప్పుడెక్కడ పనిచేశానన్నది సర్వీసు రిజిస్టరులో ఉంది, దాంతో ఎవరికీ పనిలేదు. మా నాన్న ధవళేశ్వరంలో కాలువ లస్కరు. లాకుల తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. రాజమండ్రి, నరసాపురం, భీమవరం చుట్టూనే నా ఉద్యోగమంతా గడిచింది. దిక్కులేని ఆస్తుల ఫైళ్ళు నా చేతికి వచ్చినవి చాలా తక్కువ. కానీ నాకు పని నేర్పినవి మాత్రం అవే.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మనిషి పోతే ఆస్తి వీలునామాలో రాసినవాళ్ళకి వెళ్తుంది. వీలునామా లేకపోతే వారసులకి వెళ్తుంది. వారసుల్లో ఏ ఒక్కరూ లేరని తేలితే అప్పుడు ప్రభుత్వానిది అవుతుంది. దాన్నే మన కాగితాల్లో ఎస్చీటు అంటారు. ప్రభుత్వం ఆ వరసలో అందరికంటే చివర నిలబడే మనిషి అనుకోండి. ముందున్నవాళ్ళు ఎవరూ లేరని తేలాకే మన వంతు. తమాషా ఏమిటంటే, ఎవరూ లేరని తేల్చాల్సింది కూడా మనమే. తీసుకోబోయేవాడే తీర్పు చెప్పే పని ఇది. అందుకే జాగ్రత్తగా ఉండాలి.

లేరు, రాలేదు

నాకు పని నేర్పినవారు కామేశ్వరరావు గారు. నేను చేరినప్పుడు ఆయన డిప్యూటీ తాసిల్దారు. ఎప్పుడూ ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా, జేబులో ఎర్ర సిరా పెన్ను. ఆ పెన్ను తీశారంటే మా గుండెల్లో రాయి పడేది.

అప్పుడు రాజమండ్రిలో ఒక అద్దె గదిలో ఒక ముసలాయన చనిపోయాడు. నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. గదిలో ఒక ట్రంకుపెట్టె, నాలుగు పంచెలు, ఒక హార్మోనియం ఉన్నాయి. ఇంటి యజమాని వాటిని తీసుకెళ్ళమని మా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. నేను వెళ్ళి, ఆ వీధిలో నలుగుర్ని అడిగి వచ్చి, "ఇతనికి వారసులు ఎవరూ లేరు" అని చక్కగా గుండ్రంగా రాసి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివి, "లేరు అని నీకెలా తెలుసమ్మా?" అన్నారు.

"అడిగామండి. ఎవరూ రాలేదండి."

"రాకపోతే రాలేదని రాయి. లేరు అని రాయడానికి నువ్వేమైనా చిత్రగుప్తుడి దగ్గర కాపీ తెచ్చుకున్నావా?" అని ఎర్ర పెన్నుతో ఆ మాట కొట్టేసి, పైన తనే రాశారు, "నేటి వరకు ఎవరూ రాలేదు" అని.

నాకు ఒళ్ళు మండింది. ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా అనుకున్నాను. కానీ ఆ ఒక్క మాట వల్ల హార్మోనియాన్ని వేలం వేయకుండా మా రికార్డు గదిలో పెట్టాం. కొన్ని నెలల తర్వాత పాలకొల్లు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. ఆయన చెల్లెలు. అన్న ఏ ఊళ్ళో ఉన్నాడో కూడా తెలియక ఏళ్ళ తరబడి వెతుక్కుందట. ఎవరో నాటకాలవాళ్ళు చెబితే కబురు తెలిసింది. పెట్టె గురించి ఆవిడ అడగనే లేదు. హార్మోనియం ఒళ్ళో పెట్టుకుని రిక్షా ఎక్కి, దారి పొడవునా దాన్ని రెండు చేతులతో పట్టుకునే వెళ్ళింది. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. కామేశ్వరరావు గారు ఇప్పుడు లేరు. ఆయన రుణం నేను తీర్చుకోలేదు.

గుండ్ల పంచాయితీ

వారసులు రానివాళ్ళ కథలే కాదు, మరీ ఎక్కువగా వచ్చినవాళ్ళ కథలూ ఉన్నాయి. ఇది నవ్వుకోవడానికి చెబుతున్నాను.

భీమవరం చుట్టుపక్కల ఒక పెద్దాయన పెళ్ళి చేసుకోకుండానే పోయాడు. చేపల చెరువులు బాగానే ఉన్నాయి. బతికున్నప్పుడు ఆయన ఇంటికి కాఫీకి వచ్చిన చుట్టం లేడని పనివాళ్ళు చెప్పారు. పోయిన పది రోజులకు మా ఆఫీసు వరండాలో నలుగురు నిలబడ్డారు. నలుగురూ గుండ్లతో ఉన్నారు. నలుగురి చేతిలోనూ ఫోటోలు.

"పెదనాన్న గారికి కర్మ చేసింది నేనేనండి. చూడండి, ఫోటోలో గుండు," అంటాడొకడు.

"వాడు తర్వాత చేయించుకున్నాడండి. ముందు గుండు నాది," అంటాడు ఇంకొకడు.

నేను వాళ్ళని లోపలికి పిలిచి, "గుండు పుణ్యం ఇస్తుందేమో గానీ పట్టా ఇవ్వదు. మీ నలుగురూ ఆయన తమ్ముళ్ళ కొడుకులే కదా, వంశవృక్షం రాసి పట్టుకురండి," అని పంపించాను. వాళ్ళు ఆ కాగితం మీద కూడా పోట్లాడుకుని చివరికి కోర్టుకెళ్ళారు. ఆ తలల మీద జుట్టు మొలిచింది, కేసు మాత్రం తేలలేదు.

ఆ నలుగుర్నీ తలుచుకుని ఇంట్లో చాలా రోజులు నవ్వుకున్నాం. కానీ దానివల్ల నాకొక చెడ్డ అలవాటు పట్టుకుంది. హక్కున్నవాడు ఎలాగైనా వస్తాడు, అరుస్తాడు, కాగితాలు చూపిస్తాడు అని నమ్మేశాను. అరవనివాళ్ళు కూడా ఉంటారన్న సంగతి మరిచిపోయాను. ఇక అసలు విషయానికి వస్తాను.

నా కన్ను పడిన స్థలం

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే అన్నీ చేపల పల్లెలు. ఆ వైపు ఒక మండలంలో నేను తాసిల్దారుగా ఉన్నాను. మండలం పేరు రాయను, తప్పు నాది కాబట్టి ఊరి పేరెందుకు?

ఆ పల్లెలో నూకరత్నం అనే ఆవిడ చనిపోయింది. ఎండుచేపల వ్యాపారం చేసేది. చేపలు కొని, ఉప్పు పట్టించి, ఎండబెట్టి, తట్టలకెత్తి సంతలకు తీసుకెళ్ళేది. భర్త ఏడుకొండలు అంతకు చాలా ఏళ్ళ ముందే పోయాడు. పిల్లలు లేరు. సొంత డబ్బుతో రోడ్డు పక్కన చిన్న స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకుంది. దస్తావేజు ఆవిడ పేరునే ఉంది.

నిజం చెప్పాలంటే ఆ స్థలం మీద నాకు కన్నుంది. నా కోసం కాదు. ఆ పల్లెలో అంగన్‌వాడీకి సొంత గది లేదు. పిల్లలు ఒకరింటి వసారాలో కూర్చునేవారు. వాన వస్తే ఎవరి పిల్లల్ని వాళ్ళు చంకనేసుకుని వెళ్ళిపోవడమే. స్థలం చూపించండి, భవనం ఇస్తామని పైనుంచి ఉత్తరం వచ్చి ఉంది. అంతలో ఈవిడ పోయింది, వారసులు లేరన్నారు. దేవుడే ఇచ్చాడనుకున్నాను. ఈ ఉద్యోగంలో లంచం అడిగేవాడి గురించి అందరూ హెచ్చరిస్తారు. మంచి పని చేయాలన్న తొందర గురించి ఎవరూ హెచ్చరించరు. నన్నడిగితే రెండోదానితోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. లంచం తీసుకునేవాడికి లోపల ఎక్కడో భయమైనా ఉంటుంది, నాకు ఆ భయం కూడా లేదు.

నేనూ, వీఆర్వో త్రిమూర్తులూ పంచనామాకు వెళ్ళాం. పంచనామా అంటే ఊరి పెద్దల ముందు ఉన్నదున్నట్టు రాసుకుని వాళ్ళ చేత సంతకాలు పెట్టించడం. వాకిట్లో మాకు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఆ ఇంట్లో మంగాయమ్మ అనే ఆవిడ ఉంటోంది. యాభై ఏళ్ళుంటాయి, భర్త పోయాడు. నూకరత్నం మంచాన పడ్డప్పటి నుంచి చివరిదాకా చాకిరీ చేసింది ఈవిడేనని ఊళ్ళో చెప్పారు.

"ఏమ్మా, చనిపోయినావిడ నీకేమవుతుంది?" అని అడిగాను.

"పిన్నండి."

"నువ్వు ఆవిడ కన్నకూతురివి కాదుగా?"

"కాదండి."

"నిన్ను దత్తత గానీ తీసుకుందా? కాగితాలేమైనా ఉన్నాయా?"

"అలాంటివేం లేవండి."

త్రిమూర్తులు నవ్వి, "ఇక్కడ అందరికీ అందరూ పిన్నులేనండి," అన్నాడు. నేనూ నవ్వాను. మన వైపు సంగతి తెలిసిందే కదా. మా వీధిలో కూరగాయలమ్మే ఆవిడ నాకు పిన్ని. బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ కొవ్వూరు దాటేలోపు పిన్ని అయిపోతుంది. అందుకని, "వరసకు పిన్ని, బంధుత్వం లేదు అని రాసుకో," అన్నాను. అతను రాశాడు. పెద్దలు సంతకాలు పెట్టారు. మంగాయమ్మ మాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

తర్వాత పద్ధతి ప్రకారం అన్నీ చేశాం. వారసులెవరైనా ఉంటే ఫలానా గడువులోగా రావాలని తలుపు మీద నోటీసు అంటించాం. ఊళ్ళో దండోరా వేయించాం. పేపర్లో ప్రకటన ఇచ్చాం. గడువు దాటింది, ఎవరూ రాలేదు. నేను పైకి రిపోర్టు పంపించాను. అందులో "వారసులు లేరు" అని రాశాను. అవును, ఆ మాటే. కింద అంగన్‌వాడీకి సిఫారసు కూడా కలిపాను. రాసేటప్పుడు నా చెయ్యి ఆగలేదు.

గోడ మీది ఫోటో

ఇల్లు స్వాధీనం చేసుకుని సీలు వేయమని ఉత్తర్వు వచ్చింది. ఓ రోజు పొద్దున్నే వెళ్ళాం. మంగాయమ్మ తన బట్టలు మూట కట్టి పక్కవాళ్ళ అరుగు మీద పెట్టుకుంది. ఇల్లు ఊడ్చి, వాకిట్లో కళ్ళాపి చల్లి, ముగ్గు కూడా వేసింది. ఖాళీ చేసి ఇచ్చే ఇంటికి ముగ్గేమిటని అప్పుడు నాకు తోచలేదు.

లోపలి సామాను జాబితా రాశాం. మంచం ఒకటి, బిందెలు, తట్టలు, త్రాసు, ఉప్పు జాడీలు. తలుపు వేసి తాళం పెట్టాం. త్రిమూర్తులు లక్క కరిగించడానికి కొవ్వొత్తి వెలిగిస్తున్నాడు. సముద్రపు గాలికి అది ఆరిపోతోంది, మళ్ళీ వెలిగిస్తున్నాడు. అప్పుడు మంగాయమ్మ నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా అంది:

"అమ్మగారండీ, లోపల గోడకి మా నాన్న ఫోటో ఉందండి. అదొక్కటి తీసుకోవచ్చాండి? మీరు రాసుకున్నవాటిలో అది లేదు కదండీ."

"మీ నాన్న ఫోటో ఈ ఇంట్లో ఎందుకుంది?" అన్నాను.

సముద్రం ఎటువైపని అడిగితే చూసినట్టు చూసింది నన్ను. "ఆయన పెళ్ళాం ఇల్లే కదండీ ఇది."

"ఎవరు? నూకరత్నమా?"

"ఆయ్. అదే కదండీ ఆ రోజు చెప్పాను, పిన్నని."

తాళం తీయించి లోపలికి వెళ్ళాను. తలుపు పక్క గోడకి ఫోటో ఉంది. పెళ్ళి నాటిది. ఏడుకొండలు, నూకరత్నం పక్కపక్కన బిగుసుకుని నిలబడ్డారు. వాళ్ళిద్దరి మధ్య నూకరత్నం చెయ్యి పట్టుకుని మూడేళ్ళ పిల్ల. జాబితా రాసేటప్పుడు నేను ఆ ఫోటో కిందే నిలబడి రాయించాను. ఫోటోలకు ధర ఉండదు కాబట్టి తల ఎత్తి చూడలేదు.

మంగాయమ్మ కన్నతల్లి ఆ పిల్లకు జ్ఞానం రాకముందే చనిపోయింది. తర్వాత తండ్రి నూకరత్నాన్ని చేసుకున్నాడు. నూకరత్నానికి పిల్లలు పుట్టలేదు. భర్త పోయాక తట్ట నెత్తికెత్తుకుని, ఈ పిల్లని పెంచి, పెళ్ళి చేసింది. భర్త పోయి మంగాయమ్మ వెనక్కి వస్తే, లోపలికి రమ్మని కూడా అనలేదట, నేరుగా అన్నం వడ్డించి పెట్టిందట. ఇదంతా వాకిట్లో నిలబడే విన్నాను.

నాన్న రెండో భార్యని మన వైపు పిల్లలు పిన్ని అనే పిలుస్తారు. ఇది నాకు తెలియని సంగతి కాదు. ధవళేశ్వరంలో మా క్వార్టర్స్ పక్కింట్లోనే అలాంటి పిన్ని ఉండేది. ఆ ఇంటి పిల్లలతో కలిసి నేనూ ఆవిణ్ణి పిన్నీ అని పిలిచాను. పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన ఆఫీసరైతే, పిన్ని అంటే ఏమిటని ఒక్క ప్రశ్న అడిగి ఉండేవాడు. ఇక్కడ పుట్టిన దాన్ని కాబట్టి నాకంతా తెలుసనుకున్నాను.

చట్టం ఇక్కడ స్పష్టంగానే ఉంది. హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె సొంతంగా కొనుక్కున్న ఆస్తి ముందు పిల్లలకీ భర్తకీ వెళ్తుంది. వాళ్ళు లేకపోతే భర్త వారసులకి. ఏడుకొండలు కూతురంటే భర్త వారసురాలే, అదీ మొదటి వరసలో. ఒక్క ప్రశ్న అడగనందుకు, ఇంటి అసలు హక్కుదారు బట్టల మూట పక్కవాళ్ళ అరుగు మీదకెక్కింది.

నాకు కోపం వచ్చింది. అది నా మీద రావాల్సిన కోపం. దాన్ని ఆవిడ మీద చూపించాను. "సవతి తల్లి అని ఒక్క మాట చెప్పలేకపోయావా? దండోరా విన్నావు, నోటీసు నీ తలుపు మీదే ఉంది!" అని అరిచాను.

మంగాయమ్మ గొంతు పెంచలేదు. "వారసులంటే కడుపున పుట్టినవాళ్ళనుకున్నానండి. ఇక ఆ మాటంటారా, ఆ మాట మా ఇంట్లో లేదండి. ఊళ్ళో ఎవరైనా అంటే పిన్ని తట్ట దించి మరీ పోట్లాడేది. ఇప్పుడావిడ వాకిట్లో నిలబడి నేనే అంటానా అండి?"

పంచనామాలో సంతకం పెట్టిన పెద్దాయన పక్కనే ఉన్నాడు. "మీకైనా తెలుసు కదా, చెప్పకూడదా?" అని ఆయన మీద పడ్డాను.

"ఊరందరికీ తెలుసండి. మీకూ తెలుసనుకున్నాం. మీ ఎదుటే కదండీ పిన్నని చెప్పింది. అయినా రాసుకున్నారంటే చట్టంలో అలాగుందేమో, చదువుకున్నవారు మీకు తెలీదా అని ఊరుకున్నామండి," అన్నాడు.

ఎంత మర్యాదగా అన్నాడో! ఆ మర్యాదకి సిగ్గుతో తల దించుకున్నాను. "కొవ్వొత్తి ఆర్పెయ్యి త్రిమూర్తులూ," అన్నాను. తాళంచెవి మంగాయమ్మ చేతిలో పెట్టి, మూట లోపల పెట్టుకోమన్నాను.

నా రిపోర్టు మీద నేనే

జీపులో వెనక్కి వస్తుంటే కామేశ్వరరావు గారి ఎర్ర పెన్ను గుర్తొచ్చింది. రాలేదని రాసి ఉంటే ఒక ఉత్తరంతో సరిపోయేది. లేరు అని సంతకం పెట్టి పంపాను. ఇప్పుడు నా సంతకాన్ని నేనే కాదనాలి. దాని మీద ఉత్తర్వు కూడా వచ్చేసింది.

ఆ సాయంత్రం త్రిమూర్తులు మెల్లిగా, "మనం ఊరుకుంటే ఆవిడే కోర్టుకెళ్తుందేమోనండి. మన మీదకి రాదు," అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, నా ఉద్యోగం గురించే భయపడ్డాడు. నిజానికి ఆ ఆలోచన అతనికంటే ముందు నాకే వచ్చింది. ఇది దాచను. దారిలో మొగల్తూరు వచ్చేదాకా నేనూ అదే ఆలోచించాను. ఎండుచేపల తట్ట మోసే మనిషి వకీలు చుట్టూ ఎన్నేళ్ళు తిరుగుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

మర్నాడు ఆర్డీవో గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన రాయలసీమ మనిషి, వయసులో నాకంటే చిన్న. విని కాసేపు తల పట్టుకున్నారు.

"ఉత్తర్వు అయిపోయింది కదా మేడం. ఆమెను కోర్టుకు పోయి తెచ్చుకోమనండి. మీ రిపోర్టును మీరే తప్పంటే మెమో మీకే వస్తుంది."

"తప్పు నేను చేసి, తిరగడం ఆవిడ తిరగాలా సార్?" అన్నాను.

ఆయన తెల్ల కాగితం నా ముందుకు జరిపారు. "ఎట్ల జరిగిందో దాచకుండా రాయండి. ఆ పిన్ని సంగతి కూడా రాయండి. నేను పైన మాట్లాడతాను." నేను రాస్తుంటే, "మా వైపు చిన్నమ్మ అంటాం. దాంట్లోనూ ఇదే గొడవ," అని నవ్వారు. చెప్పినట్టే ఆయన పైకి వెళ్ళి నా పక్షాన నిలబడ్డారు. మెమో నాకు వచ్చింది, న్యాయంగానే వచ్చింది. దాన్ని ఇప్పటికీ అవమానం అనుకోను.

ఫోటో ఒక్కటే సాక్ష్యానికి చాలదు. పాత రేషను కార్డు వెతికించాం, అందులో ముగ్గురి పేర్లూ ఉన్నాయి. మంగాయమ్మ రెండో తరగతి వరకు చదివిన బడి రిజిస్టరులో తండ్రి పేరు ఏడుకొండలు అని ఉంది. మొదటి భార్య పోయాకే రెండో పెళ్ళి జరిగిందని ముసలివాళ్ళు చెప్పారు. ఊరు ఊరంతా కదిలి వచ్చి వాంగ్మూలాలు ఇచ్చింది. ముందే అడిగి ఉంటే అవన్నీ ఒక్క పూటలో తేలేవి.

అంగన్‌వాడీకి వేరే స్థలం దొరకడానికి చాలా కాలం పట్టింది. ఆ పిల్లలు ఇంకా కొన్ని వానాకాలాలు వసారాలోనే కూర్చున్నారు. ఆ బాధ నాకుంది. కానీ ఒకరి ఇల్లు తీసుకుని ఇంకొకరికి బడి కట్టే హక్కు నాకు లేదు.

వేలిముద్ర

అంతా తేలాక ఆఖరుకు మిగిలింది ఒక డిక్లరేషను. మృతురాలితో తనకున్న సంబంధం ఏమిటో రాసి మంగాయమ్మ వేలిముద్ర వేయాలి. అది లేకుండా ఫైలు కదలదు. మా గుమాస్తా "సవతి కుమార్తె" అని టైపు చేసి తెచ్చాడు. మంగాయమ్మ ఆఫీసుకు వచ్చి, నా బల్ల ఎదురుగా నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. నేను కాగితం చదివి వినిపించాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"దాని మీద వెయ్యనండి."

"ఇది కాగితం కోసమే మంగాయమ్మా. వెయ్యకపోతే ఇల్లు రాదు."

"రాకపోతే పోనివ్వండి. పిన్ని వింటే నా మొహం చూడదు."

గుమాస్తా విసుక్కున్నాడు. నేను అతన్ని ఆపాను. ఇన్నాళ్ళూ ఇల్లు పోతున్నా అనని మాటని, ఇల్లు ఇస్తాం రా అని ఆశపెట్టి అనిపించాలని చూస్తున్నానని అప్పుడు అర్థమైంది. చట్టం పుస్తకం తీసి మళ్ళీ చదివాను. అందులో ఎక్కడా సవతి అనే మాట లేదు. భర్త వారసులు అని ఉంది, అంతే. ఆ మాట మన అలవాటు కొద్దీ మేం చేర్చింది. కొట్టేయించి "మృతురాలి భర్త కుమార్తె" అని కొత్తగా టైపు చేయించి, చదివి వినిపించాను.

మంగాయమ్మ బల్ల దగ్గరికి జరిగింది. "మధ్యలో మా నాన్న ఎందుకండీ? ఒట్టి కుమార్తె అని ఉంచలేరా?"

నా ఉద్యోగంలో చాలామంది చాలా అడిగారు. పొలాలు అడిగారు, పట్టాలు అడిగారు, తేదీలు మార్చమన్నారు. కాదనడానికి నేనెప్పుడూ వెనకాడలేదు. ఆ రోజు వెనకాడాను. "రాయలేనమ్మా. చట్టం ఒప్పుకోదు," అన్నాను.

"పోన్లెండి," అంది. "కుమార్తె అనైతే ఉంది కదండీ అందులో? అదెక్కడుందో చూపించండి."

నేను వేలు పెట్టి చూపించాను. మంగాయమ్మ స్టాంపు ప్యాడ్ మీద బొటనవేలు అద్ది, నా వేలు తీసేలోపే సరిగ్గా ఆ మాట మీద గట్టిగా నొక్కింది.

"అయ్యో, అక్కడ కాదమ్మా, కింద!" అన్నాడు గుమాస్తా.

ఇంకో కాపీ తీసి కింద వేయించాం. కొన్నాళ్ళకు ఇల్లు ఆవిడ పేరుకు మారింది. పాడైన కాగితాన్ని ఫైల్లో ఉంచడానికి వీల్లేదు, చింపడానికి నాకు చేతులు రాలేదు. రిటైరైన రోజున నా బల్ల సొరుగులోంచి ఇంటికి తెచ్చుకున్నది అదొక్కటే.